సంక్రాంతి దులుపుళ్లు, పాములు, చిక్కుడు పాదు

పండగ దులుపుళ్లు నెలగంట పెట్టగానే మొదలెట్టండి. భోగి ముందురోజు దాకా ఆగితే అరిసెల పాకం దగ్గరా మీరే, అటక మీదా మీరే. మాది అడవివరం. ఒకవైపు సింహాచలం కొండ, ఇంకోవైపు కంబాలకొండ అడవి. ఇక్కడ చీపురుకన్నా ముందు టార్చిలైటు పట్టుకోవాలి.

అటక పట్టపగలే ఎక్కాలి. ముందు గెడతో డబ్బాలు తట్టి కాసేపు ఆగండి. పళ్ల గింజలు కలిసిన పెంట కనిపిస్తే అది ఎలక పని కాదు, మానుపిల్లి. పగలు పడుకుని రాత్రి తిరిగే జీవి, మన జోలికి రాదు. పిల్లలు లేవని చూసుకుని, అది రాత్రి బయటికెళ్లాక సందు మూసేస్తే సరి. బూజు, ఫ్యాన్లు, గట్లు... ఇవి మీకు నేను చెప్పక్కర్లేదు.

అసలు పని పెరట్లో. పాత పెంకులు, కొబ్బరి మట్టలు, భోగి మంటకని పోగేసిన దుంగలు. చేతులు పెట్టకండి, బూట్లు వేసుకుని కర్రతో కదపండి. దుంగను మీవైపుకి దొర్లిస్తే కింద ఏముందో అది అటువైపు బయటపడుతుంది. భోగినాడు కూడా దుంగలు విడదీసి చూశాకే నిప్పు పెట్టండి.

పాము కనిపిస్తే కొట్టొద్దు. ఎలకల కోసం వచ్చిన జెర్రిగొడ్డు కావచ్చు, నాగుపామూ కావచ్చు. తేల్చుకోవడం మన పని కాదు. వెనక్కి జరిగి, దూరం నుంచి కనిపెట్టుకుని ఉండి, పాములు పట్టేవాళ్లకో అటవీశాఖకో ఫోన్ చేయండి. ఒకవేళ కాటు పడితే కోయడం, తాడు కట్టడం వద్దు. కాలో చెయ్యో కదపకుండా 108కి ఫోన్ చేయండి. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పే తెలియదు, అందుకని ‘ఏం కాలేదులే’ అని ఇంట్లో కూర్చోకండి.

ఇక చిక్కుడు పాదు. పగళ్లు కురచయ్యాక గానీ నాటు చిక్కుడు పూతకు రాదు, అందుకే పండగకే విరగకాస్తుంది. కాయలు కోసేటప్పుడు తీగ ఒకటి ఊగకుండా నిలబడి మిమ్మల్ని చూస్తుంటే అది పసిరిక పాము. వేలంత సన్నం, మొనదేలిన ముక్కు, కంటిపాప అడ్డగీతలా ఉంటుంది. కళ్లు పొడుస్తుందని మా మామ్మ భయపెట్టేది, అదంతా ఉత్తిదే. తొండల కోసం వస్తుంది, దాని విషం మనుషుల్ని చంపేంతది కాదు. పక్క కొమ్మ కాయలు కోసుకోండి.

నల్ల పేను పడితే పొద్దున్నే మంచు తడి ఉండగా బూడిద చల్లండి. కూరకి కత్తి వాడొద్దు. ఈనె తీసి చేత్తో తుంచితే లోపల పురుగుందో లేదో తెలిసిపోతుంది. ఉప్పేసి ఉడికించి, పోపులో మగ్గాక చారెడు నువ్వుగుండ, కాస్త బెల్లం. గుండ వేశాక ఎక్కువసేపు ఉంచితే చేదెక్కుతుంది, వెంటనే దించేయాలి. ముదురు కాయల పిక్కలు వంకాయలో వేయండి, నన్నడిగితే అదే అసలు పండగ కూర.

కనుమ అయిపోయిందని పాదు పీకేయకండి. రథసప్తమికి రథం కట్టడానికి కాయలు కావాలి, పరమాన్నం పెట్టడానికి ఆకులూ కావాలి. పైన ఎండిన కాయలు అలాగే వదిలేస్తే వచ్చే ఏడాదికి విత్తనం.