ఓటరు మనసులో మాట ఎలా రాబట్టాలి

"మీ ప్రధాన సమస్య ఏంటి?" అని అడగకండి. నిన్న టీవీలో విన్నదే చెబుతారు.

2024 మే 13 లోక్‌సభ పోలింగుకు ముందు మా వరంగల్ వైపు పత్తి రైతులను నేను అడిగింది ఒకటే: "అన్నా, క్వింటా ఎంతకు అమ్మినవ్?" ఆ సీజన్‌కు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 7,020 రూపాయలు. చేతికొచ్చిందెంత, తేమ పేరుతో కోసిందెంత అని కదిపితే మాట దానంతటదే ఎరువులు, అప్పు, కూలి దాకా పోతుంది. వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

ఆడవాళ్లను విడిగా కలవండి. భర్త పక్కనుంటే ఆయనే జవాబిస్తాడు. మా వదినె చెప్పింది గ్యాస్ బండ ధర, ఉపాధి పని డబ్బుల ఆలస్యం.

తర్వాత ఏ సమస్య ఏ ప్రభుత్వానిదో విడదీయండి: మద్దతు ధర ఢిల్లీది, ఊరి బడి రాష్ట్రానిది. చివరగా "దీనికోసం ఓటు మారుస్తవా?" అని తప్పక అడగండి. "మారుస్త" అన్నవాటి కిందే గీత గీయండి.