ఇంటిల్లిపాదీ విదేశీ టూర్‌కి వెళ్లాలంటే ట్రావెల్ ఏజెంట్‌తో పని ఎలా చేయించుకోవాలి?

మొదటిసారి ఇంట్లో అందరినీ తీసుకుని విదేశానికి వెళ్లినప్పుడు పనంతా ఏజెంట్ చేతిలో పెట్టేసి నేను సూట్‌కేసులు కొనే హడావిడిలో పడ్డాను. రాత్రి పదకొండింటికి హోటల్‌కి చేరాం. మా ఆరుగురికీ ఇచ్చిన రెండు గదుల్లో ఒకటి నాలుగో అంతస్తులో ఉంది, ఇంకోటి తొమ్మిదో అంతస్తులో. మోకాళ్ల నొప్పులతో అమ్మ, ఆమెకి తోడుగా నాన్న ఒకచోట, నిద్ర చాలక ఏడుస్తున్న పిల్లలతో మేమిద్దరం ఇంకోచోట. రిసెప్షన్‌లో ఉన్నావిడ కంప్యూటర్ స్క్రీన్ నావైపు తిప్పి మా బుకింగ్ చూపించింది. గదులు పక్కపక్కన కావాలన్న మాట అందులో ఎక్కడా లేదు. నేను ఫోన్లో చెప్పాను, ఏజెంట్ సరే అన్నారు, రాతలోకి మాత్రం రాలేదు. ఆ తర్వాత కూడా ఏజెంట్ ద్వారానే వెళ్తున్నాను, ఎందుకంటే మంచి ఏజెంట్ వల్ల తగ్గే టెన్షన్ అంతా ఇంతా కాదు. కాకపోతే నేను పని చెప్పే పద్ధతి మారింది. చెప్పిన ప్రతి మాటా రాతలో ఉండాలి, ఆ రాసింది డబ్బు కట్టకముందే నేను చదవాలి. కింద రాసిన అడుగులన్నీ అందులోంచి వచ్చినవే.

1. అసలు ఏజెంట్ కావాలో వద్దో తేల్చుకోండి

ఒకే ఊరు, నేరుగా వెళ్లే విమానం, వీసా అక్కర్లేని దేశం అయితే మీరే బుక్ చేసుకోవచ్చు. మూడు నాలుగు ఊళ్లు తిరగాలి, పెద్దవాళ్లూ పసిపిల్లలూ కలిసి వస్తున్నారు, వీసాలు తీయాలి అంటే మాత్రం ఏజెంట్‌ని పెట్టుకోవడమే మంచిది. మధ్యలో ఒక విమానం రద్దయితే వెనకాల హోటలూ, కారూ, రైలూ అన్నీ ఒకదాని తర్వాత ఒకటి మార్చాలి. పిల్లల్ని ఎత్తుకుని ఎయిర్‌పోర్ట్ క్యూలో నిలబడి ఆ పని మనం చేయలేం.

2. ఏజెంట్ దగ్గరికి వెళ్లేముందే ఒక పేజీ రాసుకోండి

ఇది అరగంట పని. అందరి పేర్లూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయండి, ఇంట్లో పిలుచుకునే పేరో, సర్టిఫికెట్లలో ఉన్న పేరో కాదు. పక్కనే పుట్టిన తేదీలు, పాస్‌పోర్ట్ గడువు ముగిసే తేదీలు. చాలా దేశాలు పాస్‌పోర్ట్‌కి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. యూరప్‌లోని షెన్‌గెన్ దేశాలైతే అక్కడి నుంచి బయటికి వచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు ఉండాలి, పాస్‌పోర్ట్ గత పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి. పిల్లల పాస్‌పోర్ట్‌లు ముందు చూడండి, చాలాచోట్ల వాటి గడువు పెద్దవాళ్ల వాటికంటే తక్కువగా ఉంటుంది, మనం గమనించేసరికి టైం అయిపోతుంది.

పసిపిల్లలు ఉంటే ఇంకో లెక్క ఉంది. రెండేళ్లు నిండని బిడ్డని ఒళ్లో కూర్చోబెట్టుకుని తక్కువ టికెట్‌తో తీసుకెళ్లొచ్చు. కానీ టూర్ మధ్యలో రెండో పుట్టినరోజు వస్తే, తిరుగు ప్రయాణానికి ఆ బిడ్డకి విడిగా సీటు కొనాల్సిందే. పుట్టిన తేదీ మొదటిరోజే ఏజెంట్ చేతిలో ఉంటే ఇది ముందే తేలిపోతుంది.

అదే పేజీలో ఆరోగ్యం సంగతులు కూడా రాయండి, మొహమాటపడొద్దు. ఎవరు ఎన్ని మెట్లు ఎక్కగలరు, ఎవరికి రోజూ మందులు, ఎవరికి ఏ తిండి పడదు, మధ్యాహ్నం ఎవరు నిద్రపోవాల్సిందే. చివర్లో బడ్జెట్. చాలామంది బడ్జెట్ చెప్పరు, చెబితే అంతా లాగేస్తారని భయం. చెప్పకపోతే జరిగేది ఏంటంటే, ఆయన ఊహించుకుని ఏదో ప్లాన్ ఇస్తారు, మీరు ఎక్కువైందంటారు, ఇలా రెండు వారాలు గడిచేలోపు విమానం ధరలు మారిపోతాయి. ఇంతకు మించి పెట్టలేం అనే అంకె ఒకటి సూటిగా చెప్పేయండి.

3. ఇద్దరు ముగ్గురితో మాట్లాడి ఒకర్ని ఎంచుకోండి

తెలిసినవాళ్లు చెప్పిన పేర్లతో మొదలుపెట్టండి, కానీ మీలాంటి కుటుంబంతో వెళ్లొచ్చినవాళ్ల మాటకే ఎక్కువ విలువ ఇవ్వండి. స్నేహితులతో తిరిగొచ్చిన కుర్రాడికి బాగున్న ఏజెంట్, అమ్మానాన్నలకి సరిపోకపోవచ్చు. అయాటా (ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం) గుర్తింపు ఉందని చెబితే వాళ్ల కోడ్ నంబర్ అడగండి, అది సరైనదో కాదో అయాటా వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. ఆ గుర్తింపు లేనివాళ్లంతా మోసగాళ్లని కాదు, చిన్న ఏజెంట్లు చాలామంది పెద్ద ఏజెన్సీ ద్వారా టికెట్లు తీస్తారు. అలాంటప్పుడు టికెట్ ఎవరి పేరు మీద జారీ అవుతుందో అడిగి తెలుసుకుంటే చాలు.

నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: రాత్రి రెండింటికి అక్కడ మాకు ఇబ్బంది వస్తే ఫోన్ ఎవరు ఎత్తుతారు? మన ఏజెంట్ అక్కడ ఉండరు, వాళ్లకి ఆ దేశంలో ఒక లోకల్ కంపెనీ ఉంటుంది, కారూ గైడూ వాళ్లే పంపుతారు. ఆ కంపెనీ పేరు, నంబర్ ముందే ఇవ్వగలరా అని అడగండి. ఇవ్వడానికి తటపటాయించేవాళ్లతో నేను ముందుకు వెళ్లను. ఇంకో ప్రశ్న, మీ సంపాదన ఫీజు రూపంలోనా, హోటళ్ల నుంచి వచ్చే కమిషన్ రూపంలోనా అని. ఇందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు, కమిషన్ వాళ్ల హక్కే. తెలిస్తే ఒకే హోటల్‌ని పదేపదే ఎందుకు చెబుతున్నారో అర్థమవుతుంది.

4. కొటేషన్‌ని పెన్ను పట్టుకుని చదవండి

తప్పులన్నీ ఇక్కడే దాక్కుంటాయి కాబట్టి టైం ఇక్కడ పెట్టండి. ముందు హోటల్ పేరు పక్కన ‘లేదా అదే స్థాయి హోటల్’ అని ఉందేమో చూడండి. ఉంటే, ఊరి మధ్యలో ఉన్న హోటల్ పేరు చూపించి, ఊరి చివర అన్నే స్టార్లున్న ఇంకో హోటల్ ఇచ్చినా మీరు ఏమీ అనలేరు. ఆ మాట తీయించండి, కుదరదంటే మారిస్తే ఏ పేటలో ఇస్తారో రాయించండి.

తర్వాత గదులు. కనెక్టింగ్ రూమ్స్ అంటే రెండు గదుల మధ్య లోపలి నుంచి తలుపు ఉంటుంది. అడ్జాయినింగ్ అంటే ఊరికే పక్కపక్క గదులు. ఏజెంట్ మాటల్లో ఈ రెండూ కలిసిపోతుంటాయి. పైగా చాలా హోటళ్లు కనెక్టింగ్ గదిని ‘రిక్వెస్ట్’ అని రాసుకుంటాయి, అంటే ఖాళీ ఉంటేనే ఇస్తారని. ‘కన్ఫర్మ్’ అని హోటల్ నుంచి మెయిల్ తెప్పించమనండి. పిల్లలకి మంచం విడిగా వేస్తారా, దానికి డబ్బు ఉందా, ఇదీ అడగండి.

కార్ల విషయంలో ‘ఎస్.ఐ.సి’ అని మూడక్షరాలు కనిపిస్తే ఆగండి. సీట్ ఇన్ కోచ్, అంటే పదిమందితో కలిసి ఒక బస్సులో. వేరే హోటళ్ల దగ్గర అందర్నీ ఎక్కించుకుంటూ గంటసేపు తిప్పుతుంది. కుర్రాళ్లకి పర్వాలేదు, పసిబిడ్డతో, పెద్దవాళ్లతో కష్టం. ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కి వెళ్లే ఆ ఒక్క ట్రిప్పైనా ప్రైవేట్ కారు అడగండి, సీట్లతో పాటు సూట్‌కేసులు ఎన్ని పడతాయో కూడా కనుక్కోండి. కారులో పిల్లల సీటు తప్పనిసరి అయిన దేశాలు చాలా ఉన్నాయి, అది కూడా ముందే చెప్పాలి.

రోజువారీ ప్లాన్‌ని వారాలతో పోల్చి చూడండి. మాకు ఒకసారి వచ్చిన కాగితంలో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం మంగళవారం నాడు పెట్టారు, అది మంగళవారం మూసి ఉంటుంది. వాటికన్ మ్యూజియంలు ఆదివారాలు తెరవరు, నెలలో ఆఖరి ఆదివారం తప్ప. ప్రతి చోటుకీ అధికారిక వెబ్‌సైట్ ఒక్కసారి చూస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. రోజుకి రెండు చోట్లకి మించి ఉంటే తీయించేయండి, పిల్లలతో మూడోది ఎలాగూ చూడలేరు.

చెప్పిన ధరలో ఏవేవి కలవవో ఆ లిస్టు కూడా కావాలి: వీసా ఫీజు, ఇన్సూరెన్స్, ప్రవేశ టికెట్లు, టిప్పులు, యూరప్‌లోని చాలా ఊళ్లలో హోటల్‌లోనే కట్టాల్సిన సిటీ ట్యాక్స్.

5. విమానాలు: చవకగా ఉన్నదల్లా మంచిది కాదు

విమానం మారే చోట ఎంత టైం ఉందో చూడండి. యాభై నిమిషాల కనెక్షన్‌ని ఎయిర్‌లైన్ అమ్ముతుంది, ఒంటరిగా వెళ్లేవాడు పరుగెత్తి అందుకుంటాడు. వీల్‌చెయిర్‌తో, స్ట్రోలర్‌తో అందుకోలేం. నేనైతే రెండున్నర గంటలకి తక్కువ ఒప్పుకోను. మొత్తం ప్రయాణం ఒకే బుకింగ్‌లో ఉందా అన్నది ఇంకా ముఖ్యం. రెండు వేరు వేరు టికెట్లు కలిపి చవకగా చూపిస్తే, మొదటి విమానం లేటైనప్పుడు రెండో ఎయిర్‌లైన్‌కి మీతో సంబంధం ఉండదు, కొత్త టికెట్ కొనుక్కోవాల్సి వస్తుంది. అమెరికా మీదుగా వెళ్తుంటే, అక్కడ ఉండకుండా విమానం మారి వేరే దేశానికి పోతున్నా సరే ఇమిగ్రేషన్ దాటాల్సిందే, అంటే దానికి తగిన వీసానో అనుమతో కావాలి.

అర్ధరాత్రి దాటాక బయల్దేరే విమానాలతో జాగ్రత్త. 15వ తేదీ 00:40 అని ఉంటే మీరు ఎయిర్‌పోర్ట్‌లో ఉండాల్సింది 14 రాత్రి. చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ పొరబడుతుంటారు. అలాగే తెల్లారి ఆరింటికి దిగితే, హోటల్ గది ఇచ్చేది మామూలుగా మధ్యాహ్నం రెండు మూడింటికి. ముందురోజు రాత్రికి కూడా గది తీసుకుంటారో, లేక ఉదయం ఎక్కడ గడపాలో ఏజెంట్‌తో అప్పుడే తేల్చుకోండి.

వీల్‌చెయిర్ కావాలంటే ఏ రకమో చెప్పాలి. కొంచెం దూరం నడవలేరు కానీ మెట్లు ఎక్కగలిగితే ఒక కోడ్, మెట్లు కూడా ఎక్కలేకపోతే ఇంకోటి, విమానం లోపల సీటు దాకా సాయం కావాలంటే మరోటి. ఉయ్యాల ఉన్న సీటుకి బిడ్డ బరువు పరిమితి ఎయిర్‌లైన్‌ని బట్టి మారుతుంది, బరువు కూడా చెప్పండి.

6. వీసా పని ఏజెంట్‌ది, బాధ్యత మీది

ఏజెంట్ ఫారం నింపగలరు, అపాయింట్‌మెంట్ తీసుకోగలరు. వీసా ఇచ్చేది ఆ దేశం. ‘గ్యారంటీగా వస్తుంది’ అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. నింపిన ఫారం మీరే మొత్తం చదివి సంతకం పెట్టండి, అందులో అబద్ధం ఉంటే రేపు మాట పడేది మీరే. షెన్‌గెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి, 30,000 యూరోల వైద్య ఇన్సూరెన్స్ తప్పనిసరి. పదిహేను రోజులన్నారు కదా అని ఆఖరిదాకా ఆగొద్దు, నిర్ణయానికి 45 రోజుల దాకా పట్టే సందర్భాలు ఉన్నాయి. పిల్లలతో తల్లో తండ్రో ఒక్కరే వెళ్తుంటే, రెండోవారి సంతకంతో అనుమతి పత్రం, పుట్టిన సర్టిఫికెట్ వెంట ఉంచుకోండి.

7. డబ్బు

ఒకేసారి మొత్తం కట్టకండి. విమానం టికెట్లకి కొంత, హోటళ్లు కన్ఫర్మ్ అయ్యాక కొంత, ఇలా విడతలుగా. కంపెనీ పేరు మీద ఉన్న ఖాతాకే పంపండి, వ్యక్తిగత ఖాతాకి పంపమంటే ఒప్పుకోవద్దు. కార్డుతో కడితే గొడవ వచ్చినప్పుడు బ్యాంకుకి ఫిర్యాదు చేసే దారి ఒకటి ఉంటుంది. ఏ తేదీలోపు రద్దు చేస్తే ఎంత వెనక్కి వస్తుందో, వీసా రాకపోతే ఏం జరుగుతుందో మెయిల్‌లో రాయించుకున్నాకే మొదటి విడత కట్టండి.

8. బయల్దేరడానికి రెండు వారాల ముందు మీరే సరిచూసుకోండి

ఆరు అక్షరాల పి.ఎన్.ఆర్ చేతికి వస్తే టికెట్ వచ్చినట్టు కాదు. అది సీటు పట్టి ఉంచిన గుర్తు మాత్రమే, టికెట్ తీయకపోతే గడువు దాటాక రద్దయిపోతుంది. ప్రతి ఒక్కరికీ 13 అంకెల టికెట్ నంబర్ ఉండాలి. దాన్ని అడిగి తీసుకుని, ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో పి.ఎన్.ఆర్ కొట్టి పేర్లు, సీట్లు, లగేజీ, వీల్‌చెయిర్ అన్నీ కనిపిస్తున్నాయో లేదో చూడండి. తర్వాత ప్రతి హోటల్‌కీ మీరే ఒక మెయిల్ పెట్టండి, ‘ఫలానా పేరు మీద, ఫలానా తేదీన, పక్కపక్కన రెండు గదులు, ఉన్నాయా’ అని. ఒకసారి నాకు ఒక హోటల్ నుంచి అలాంటి బుకింగే లేదని జవాబు వచ్చింది. ఇంకా పన్నెండు రోజులు టైం ఉంది కాబట్టి ఏజెంట్ ఆ సాయంత్రానికే సరిచేశారు.

కాగితాలు ఫోన్‌లో ఒక కాపీ, ప్రింటు ఒక కాపీ, అమ్మ బ్యాగులో ఒక కాపీ పెట్టండి, హోటల్ అడ్రస్ ఆ దేశపు భాషలో కూడా ఉండేలా చూడండి.

9. అక్కడికి వెళ్లాక

మొదటి విమానం ఎక్కకుండా వదిలేసి మధ్యలో కలుద్దాం అనుకోవద్దు, మొదటిది ఎక్కకపోతే చాలా ఎయిర్‌లైన్లు మిగతా ప్రయాణం మొత్తం రద్దు చేస్తాయి. ప్లాన్ మారిస్తే డ్రైవర్‌తో కాకుండా ఏజెంట్‌తో మాట్లాడి మెసేజ్ తీసుకోండి. గది బాగోకపోతే సామాన్లు విప్పకముందే ఫోటో తీసి ఏజెంట్‌కి పంపండి, ఇంటికొచ్చాక చెబితే చేయగలిగింది పెద్దగా ఉండదు. మా ఇంట్లో ఇప్పుడు ఆ పని మా పెద్దమ్మాయిది. గదిలోకి అడుగుపెట్టగానే ముందు ఆ మధ్య తలుపు ఉందో లేదో చూసొచ్చి, ఉంటే తెరిచి, అవతలి గదిలో ఉన్న అమ్మమ్మ తాతయ్యలకి చెయ్యూపుతుంది.