‘తె ఇరు’కు తెలుగులో దొరికిన తాళంచెవి

జపనీస్ నేర్చుకోవడం మొదలుపెట్టిన కొత్తలో, క్రియ చివర వచ్చే ‘తె ఇరు’ మన ‘తున్నాను, తున్నాడు’లకు సమానమని నేను నమ్మాను. ‘తబెతె ఇమస్’ (‘ఇమస్’ అనేది ‘ఇరు’కు మర్యాద రూపం) అంటే ‘తింటున్నాను’ కనుక ఆ లెక్క కొన్నాళ్ళు బాగానే సాగింది. ఒకరోజు సహోద్యోగి తన అక్క గురించి ‘కెక్కొన్ షితె ఇమస్’ (‘కెక్కొన్’ అంటే పెళ్ళి) అన్నప్పుడు, ఆమెకు పెళ్ళి జరగబోతోందనుకొని శుభాకాంక్షలు చెప్పాను. ఆమెకు అప్పటికే ఇద్దరు పిల్లలున్నారట.

ఆ రాత్రి ఆ రూపాన్ని విడదీసి చూస్తే, ‘తె’ అచ్చంగా మన క్త్వార్థకంలా, అంటే ‘చేసి, తిని, వచ్చి’లా పనిచేస్తోందనీ, ‘ఇరు’ అంటే ‘ఉండు’ అనీ, కాబట్టి మొత్తం కలిపితే ‘చేసి ఉండు’ అవుతుందనీ అర్థమైంది. తినడం, చదవడం వంటి కొనసాగే పనులకు అది ‘తున్న’ అర్థాన్ని ఇస్తుంది. క్షణంలో స్థితి మారిపోయే క్రియలకు మాత్రం ఆ మార్పు తర్వాత మిగిలిన స్థితిని చెబుతుంది. ‘కెక్కొన్ షితె ఇమస్’ అంటే పెళ్ళయి ఉన్నారు, ‘సువత్తె ఇమస్’ అంటే కూర్చుని ఉన్నారు, ‘షిందె ఇమస్’ అంటే చనిపోయి ఉన్నారు, ‘తోక్యో ని ఇత్తె ఇమస్’ అని విన్నా సాధారణంగా ‘వెళ్ళి అక్కడే ఉన్నారు’ అనే.

అప్పటినుంచి కొత్త క్రియ ఎదురైతే ముందు ‘-ఇ ఉన్న’ పెట్టి చూస్తున్నాను. ‘షిత్తె ఇమస్’ (తెలుసు) కూడా అలాగే ‘తెలిసి ఉంది’గా కుదిరింది, అయితే ‘తెలియదు’ అనడానికి మాత్రం ‘షిరిమసెన్’ అనాలి, దాన్ని కంఠస్థం చేయక తప్పలేదు.