ఒప్పందం ఏకపక్షమా, ద్విపక్షమా? ఉల్లంఘన జరిగిందో లేదో తేల్చుకోవడం ఎలా?

అవతలివారు మాట తప్పారని నోటీసు పంపే ముందు, వాళ్లు అసలు మాట ఇచ్చారో లేదో చూడాలి. చాలా తగాదాలు ఇక్కడే తేలిపోతాయి.

1. కాగితంలో ‘చేస్తాను’, ‘ఇస్తాను’ అన్న చోటల్లా గీత గీయండి. ఒకరు పదో తారీఖులోగా ఇంటికి రంగులు వేస్తానని, ఇంకొకరు డబ్బిస్తానని రాసుకుంటే అది ద్విపక్షం. ‘తప్పిపోయిన కుక్కను తెచ్చిచ్చినవారికి బహుమతి’ అంటే ఏకపక్షం, హామీ ఒక్కరిదే. వాడుకలో ఏకపక్షమంటే అన్యాయమనే ధ్వని ఉంది, ఇక్కడ ఆ అర్థం లేదు.

2. ఎవరు ఎప్పుడు కట్టుబడ్డారో రాసుకోండి. ద్విపక్షంలో ఒప్పుకున్న క్షణం నుంచే ఇద్దరూ బాధ్యులు. ఏకపక్షంలో పని చేసి చూపించడమే అంగీకారం. కాబట్టి రెండు రోజులు కుక్కను వెతికి మానేసినవారిపై దావా నిలవదు. కుక్కను తెచ్చాక బహుమతి ఎగ్గొడితేనే ఉల్లంఘన.

ఇంగ్లండులో 1892లో తీర్పు వచ్చిన కార్లిల్ కేసు ఇలాంటిదే. తమ స్మోక్ బాల్‌ను (మందు పొడి నింపిన, ముక్కుతో పీల్చే రబ్బరు బంతి) రోజుకు మూడుసార్లు చొప్పున రెండు వారాలు వాడాక కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌండ్లు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. మాట మీద నిలబడతామనడానికి బ్యాంకులో 1,000 పౌండ్లు వేశామనీ చెప్పుకుంది. చెప్పినట్టే వాడిన కార్లిల్‌కు జబ్బు చేసింది. వాడుతున్నట్టు ఆమె ముందుగా కబురు పెట్టలేదన్న వాదన కోర్టులో చెల్లలేదు. కంపెనీ డబ్బు కట్టాల్సి వచ్చింది.

పని సగంలో ఉండగా ప్రకటన వెనక్కి తీసుకుంటే? ఇదే అసలు చిక్కు. పని మొదలయ్యాక అలా కుదరదన్న వైపే కోర్టులు ఎక్కువగా మొగ్గాయి. అయితే వెతకడానికి టార్చిలైటు కొనడం సన్నాహమే, పని మొదలుపెట్టినట్టు కాదు. మొదలుపెట్టిన రోజుకు ఫొటోనో మెసేజో రుజువుగా ఉంచుకోండి.

3. ద్విపక్షమైతే ముందు ఎవరి వంతో చూడండి. అడ్వాన్సు ముందు ఇవ్వాలని రాసి, మీరు ఇవ్వకపోతే, రంగులు వేయలేదని పెయింటర్‌ను తప్పుపట్టలేరు.

4. గడువు రాకముందే ‘చేయను’ అని తేల్చి చెప్పినా ఉల్లంఘనే. 1852 జూన్ 1న మొదలవ్వాల్సిన ఉద్యోగాన్ని యజమాని మే నెలలోనే రద్దు చేస్తే, ఆ ఉద్యోగి జూన్ దాకా ఆగకుండా వేసిన దావాను 1853లో ఇంగ్లండు కోర్టు సమర్థించింది. అయితే ‘కాస్త కష్టంగా ఉంది’ అన్నంత మాత్రాన నిరాకరణ కాదు. చేస్తారా, చేయరా అని రాతపూర్వకంగా అడిగి, జవాబు చేతికొచ్చాకే ఇంకొకరికి పని అప్పగించండి. తొందరపడితే ఉల్లంఘన మీదే అవుతుంది.