డిఫెండర్ కెరీర్ ఎలా చదవాలి? కీవుతో మొదలుపెట్టండి

ఫుట్‌బాల్‌లో స్ట్రైకర్ సత్తా తెలియాలంటే గోల్స్ లెక్క చూస్తే చాలు. డిఫెండర్ దగ్గర ఆ లెక్క పనిచేయదు. రుమేనియా డిఫెండర్ క్రిస్టియన్ కీవు దేశం తరఫున 75 మ్యాచ్‌లు ఆడి కొట్టినవి 3 గోల్స్. కాబట్టి ముందు గోల్స్ కాలమ్ మీద చెయ్యి అడ్డం పెట్టుకోండి. (నేనూ స్టాపర్‌గా, అంటే డిఫెన్స్ మధ్యలో ఆడినవాణ్ణే, పక్షపాతం లేదని అబద్ధం చెప్పను.)

ఒక కాగితం మీద క్లబ్బులు, సంవత్సరాలు రాసుకోండి. 1980లో రుమేనియాలోని రెషిత్సాలో పుట్టాడు, అక్కడి జట్టులోనే ఆట మొదలుపెట్టాడు. 1998లో యూనివర్సిటాటియా క్రయోవా, మరుసటి ఏడాదే నెదర్లాండ్స్ క్లబ్ అయాక్స్, తర్వాత ఇటలీలో 2003లో రోమా, 2007లో ఇంటర్ మిలాన్. ఇందులో అయాక్స్ దగ్గర కాసేపు ఆగండి. ఇరవైల మొదట్లోనే అక్కడ కెప్టెన్ అయ్యాడు. వెనక నిలబడి తనకంటే పెద్దవాళ్లను అరిచి సర్దగలడని కోచ్‌కి నమ్మకం లేకపోతే ఆ కెప్టెన్ బ్యాండ్ చేతికి రాదు.

తర్వాత ఇంకో కాలమ్ గీయండి: ఏ చోట ఆడించారు? అసలు కథంతా ఇక్కడే ఉంది. కీవు సెంటర్ బ్యాక్ (డిఫెన్స్ మధ్యలో), లెఫ్ట్ బ్యాక్ (ఎడమ అంచున), 2008 యూరోలో (యూరప్ దేశాల కప్పు) రుమేనియాకు మిడ్‌ఫీల్డర్ కూడా. ఒక్కచోట కుదురుకోలేదేమో అనిపిస్తుంది. అలా అనిపిస్తే 2010 ఏప్రిల్‌లో బార్సిలోనా మైదానం క్యాంప్ నౌలో ఆ జట్టుతో ఇంటర్ ఆడిన ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్ చూడండి. వార్మప్‌లో ఇంటర్ ఫార్వర్డ్ పాండెవ్‌కి దెబ్బ తగిలింది. అతని బదులు కీవుని తెచ్చి ఎడమవైపు మిడ్‌ఫీల్డ్‌లో నిలబెట్టారు, ఎదురుగా బార్సిలోనా రైట్ బ్యాక్ డానీ ఆల్వెస్. 28వ నిమిషంలో ఇంటర్ ఆటగాడు మోట్టాకి రెడ్ కార్డ్. అక్కడినుంచి పదిమందే. ఇంటర్ 0-1తో ఓడినా రెండు మ్యాచ్‌లూ కలిపి 3-2తో ఫైనల్‌కి వెళ్లింది. ఈ మ్యాచ్ చూసేటప్పుడు బంతిని వదిలేసి కీవునే చూడండి. బంతి అటువైపు ఉన్నప్పుడు ఎంత లోపలికి జరుగుతున్నాడో, ఎప్పుడు వెనక్కి పరిగెత్తుతున్నాడో గమనించండి. కొంచెం బోర్ కొడుతుంది, తప్పదు.

ఫైనల్లో మాత్రం పొగడ్తలకు తొందరపడకండి. లెఫ్ట్ బ్యాక్‌గా బేయర్న్ మ్యూనిక్ వింగర్ రోబెన్‌ని ఆపడానికి చాలా తిప్పలు పడ్డాడు, యెల్లో కార్డ్ తీసుకున్నాడు, 68వ నిమిషంలో బయటికి వచ్చేశాడు. కప్పు గెలిచిన మ్యాచ్ కాబట్టి అందరూ బాగా ఆడారని రాసుకుంటే ఈ కసరత్తంతా దండగ.

గాయాలకూ ఒక గడి ఉంచండి. అదే ఏడాది జనవరిలో తల తలా ఢీకొని కీవు పుర్రె చిట్లింది, ఆపరేషన్ అయింది. వసంతానికల్లా తలకు రక్షణ టోపీతో తిరిగొచ్చాడు. హెడర్లకు లేవడమే ఉద్యోగమైనవాడికి అది చిన్న విషయం కాదు. 2011లో బారీ క్లబ్ ఆటగాణ్ణి గుద్ది సస్పెండ్ అయ్యాడు, అదీ రాయండి.

యూట్యూబ్ హైలైట్స్ చివరికి ఉంచుకోండి. అక్కడ మొదట కనిపించేది 2000 యూరోలో ఇంగ్లండ్ మీద కీవు గోల్. ఎడమవైపు నుంచి వేసిన క్రాస్ అలాగే గోల్‌లోకి వెళ్లిపోయింది. చూడ్డానికి బాగుంటుంది, డిఫెండర్ గురించి చెప్పేదేమీ ఉండదు.

2014లో ఆట మానేశాక కోచ్ అయ్యాడు. 2022లో ఇంటర్ కుర్రాళ్ల జట్టుకు ఇటలీ టైటిల్ తెచ్చాడు, 2025లో పార్మా క్లబ్ కోచ్‌గా పనిచేసి ఇంటర్ పెద్ద జట్టుకే కోచ్‌గా వచ్చాడు. కాగితంలో చోటు మిగిలితే అతని జట్టు వెనక వరసను ఎలా నిలబెడుతున్నాడో అక్కడ రాసుకోండి.