వానలకు ముందే చేయి కుదరాలి: బెంగళూరు రాతి ట్రైళ్ళలో సైకిల్ తొక్కేవారికి జాగ్రత్తలు

బెంగళూరులో వానాకాలం జూన్‌లో మొదలవుతుందని లెక్క. ట్రైల్ (కొండల్లో, అడవిలో ఉండే సన్నని బాట) మీద సైకిల్ తొక్కేవాళ్ళకు మాత్రం ఏప్రిల్ చివర, మే సాయంత్రాల ఉరుముల వానలతోనే అది మొదలైపోతుంది. గట్టి వానలు సెప్టెంబర్, అక్టోబర్‌లలో పడతాయి. ఈ మొత్తంలో ఎక్కువ జాగ్రత్తపడాల్సింది తొలి జల్లుల విషయంలో. నెలల తరబడి పేరుకున్న ఎర్రదుమ్ము తడిసి బండ మీద పలచటి బురదపొర అవుతుంది. రోజంతా కురిసి కడిగేసిన బండ కన్నా పది నిమిషాల చినుకులకు తడిసిన బండే ఎక్కువ జారుతుంది. అందుకని కొత్త విద్య ఏదైనా ఫిబ్రవరి నుంచి మే లోపల, పొడి నేల మీదే నేర్చుకోండి. తడిలో, అప్పటికే చేతికి వచ్చినది మాత్రమే పనికొస్తుంది.

తురహళ్ళి, అవలహళ్ళి, నంది కొండల చుట్టుపక్కల మనకు దొరికేది గరుకు బండ, ఎర్రమట్టి, నీలగిరి చెట్ల వేళ్ళు, వాటి మీద రాలిన ఆకులు. పొడిగా ఉన్నప్పుడు ఈ బండ టైరును గట్టిగా పట్టుకుంటుంది. చిక్కంతా అక్కడే. ఎండాకాలంలో ధీమాగా దిగిన వాలునే జూన్‌లోనూ అదే వేగంతో దిగబోతారు. బండ మీద నల్లటి చారలు కనిపిస్తే అవి నీళ్ళు కారిన దారులు, అక్కడ పాచి ఉంటుంది. ఎండలో దానివల్ల ఇబ్బంది లేదు, తడిస్తే సబ్బు రాసినట్టే. ఏ చారలు ఎక్కడున్నాయో ఎండాకాలంలోనే చూసి గుర్తుపెట్టుకోండి.

సైకిల్ విషయానికొస్తే, ముందు బ్రేకులు. ప్యాడ్‌లు బయటికి తీసి చూడండి. వెనకున్న లోహపు పలకను లెక్కలోంచి తీసేసి, రాపిడి పదార్థం 1 మి.మీ.కి దగ్గరపడితే మార్చేయండి. సైకిల్ భాగాల కంపెనీ షిమానో చెప్పే అంతిమ హద్దు 0.5 మి.మీ., కానీ ఇసుక కలిసిన నీళ్ళలో రెసిన్ ప్యాడ్‌లు చాలా వేగంగా అరుగుతాయి, ఆ కాస్త మిగులు దారి మధ్యలోనే అయిపోవచ్చు. మెటల్ ప్యాడ్‌లు తడిలో ఎక్కువకాలం వస్తాయి, కాకపోతే చప్పుడు ఎక్కువ. మార్చే ముందు రోటర్ (ప్యాడ్‌లు పట్టి ఆపే లోహపు డిస్క్) మీద రాత చదవండి: ‘రెసిన్ ప్యాడ్ ఓన్లీ’ అని ఉంటే మెటల్ ప్యాడ్ వేయకూడదు, రోటర్ అరిగిపోతుంది. షిమానో రోటర్ కొత్తప్పుడు 1.8 మి.మీ. ఉంటుంది, 1.5కి తగ్గితే అది కూడా మార్చాలి.

కొత్త ప్యాడ్‌లతో నేరుగా ట్రైల్‌కి వెళ్ళొద్దు. ఖాళీ రోడ్డు మీద 20–25 కి.మీ. వేగం నుంచి నడక వేగానికి, పూర్తిగా ఆగకుండా, 15–20 సార్లు తగ్గించండి. ప్యాడ్ పొర రోటర్‌కి సమంగా పట్టాకే అసలు పట్టు వస్తుంది. ఆయిల్‌తో పనిచేసే బ్రేకులో లివర్ నొక్కితే హ్యాండిల్ దాకా వచ్చేస్తోందంటే లైన్‌లో గాలి చేరిందన్నమాట, బ్లీడ్ చేయించండి, అంటే ఆ గాలి తీయించండి. మినరల్ ఆయిల్ వాడే బ్రేకులో డాట్ ఆయిల్ (వేరే రకం బ్రేకు ద్రవం) పోస్తే లోపలి సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. షాపులో ఏది పోస్తున్నారో పక్కన నిలబడి చూడడంలో తప్పులేదు. కేబుల్ డిస్క్ బ్రేకులైతే కేబుల్, దాని తొడుగు రెండూ వానలకు ముందే మార్చండి.

టైర్లలో గాలి చాలామంది అవసరానికి మించి కొట్టిస్తారు. పెట్రోల్ బంకులో 40 పీఎస్‌ఐ పట్టించిన టైరు రాయి మీద ఎగురుతుందే గాని పట్టుకోదు. సుమారు 70 కిలోల మనిషికి, 2.2–2.4 అంగుళాల టైరుకి, ట్యూబ్ ఉంటే ముందు 24–26, వెనక 27–29తో మొదలుపెట్టండి. ట్యూబ్‌లెస్ అయితే ముందు 20–22, వెనక 23–25. బరువు పది కిలోలు ఎక్కువైతే ఒకటి రెండు కలపండి. ట్యూబ్ మీద రెండు సమాంతర కోతలు పడి పంక్చర్ అవుతోందంటే, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలుగుతోందని అర్థం, మరో రెండు పీఎస్‌ఐ పెంచాలి. ట్యూబ్‌లెస్‌లో పోసిన సీలెంట్ (ముల్లు గుచ్చిన రంధ్రాన్ని పూడ్చే ద్రవం) మన ఎండలకు రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. 29 అంగుళాల టైరుకి 90–120 మి.లీ. ఉండాలి. తుమ్మ ముళ్ళు తక్కువేం లేవు, ఊపి చూస్తే లోపల ద్రవం కదులుతున్న చప్పుడు వినిపించాలి.

సస్పెన్షన్ గురించి ఒక్క మాట: సైకిల్ ఎక్కి నిలబడితే ముందు ఫోర్కు దాని మొత్తం కదలికలో 15–20 శాతం, వెనక షాక్ ఉంటే అది 25–30 శాతం దిగాలి.

ఇక చేయి కుదుర్చుకోవడం. దిగేటప్పుడు సీటు కిందికి దింపండి. డ్రాపర్ పోస్ట్ (మీట నొక్కితే సీటు దిగే ఏర్పాటు) లేకపోతే సీటు క్లాంప్ వదులు చేసి 5–8 సెం.మీ. దించినా శరీరం కదలడానికి చోటు వస్తుంది. పెడళ్ళు రెండూ నేలకు సమాంతరంగా, మడమలు కిందికి, మోచేతులు బయటికి, నడుము దగ్గర వంగి ఛాతీ కిందికి ఉండాలి. ఒక్క చూపుడు వేలే బ్రేకు మీద. ‘దిగేటప్పుడు సీటు వెనక్కి వేలాడు’ అనే సలహా ఇప్పటికీ చాలామంది ఇస్తున్నారు. అలా మరీ వెనక్కి పోతే ముందు చక్రం మీద బరువు ఉండదు, బరువు లేని చక్రం మలుపు తిరగదు, ఆగదు. బరువు పాదాల మీద ఉండాలి. చేతులు తేలిగ్గా ఉన్నాయంటే సరిగ్గా నిలబడ్డట్టే.

బ్రేకింగ్‌కి ఖాళీ మైదానమో, అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ జాగానో చాలు. నేల మీద చాక్‌పీసుతో గీత గీసి, 15 కి.మీ. వేగంతో వచ్చి, ఆ గీత దగ్గర వెనక బ్రేకు ఒక్కటే నొక్కి ఎంత దూరంలో ఆగారో అడుగులతో కొలవండి. తర్వాత ముందు బ్రేకు ఒక్కటే, మెల్లమెల్లగా బిగిస్తూ. ఆ తర్వాత రెండూ. సైకిల్‌ని ఆపేది ప్రధానంగా ముందు బ్రేకేనని కాళ్ళకే తెలిసొస్తుంది. దానికి భయపడి వెనక బ్రేకుతోనే నెట్టుకొచ్చేవాళ్ళే తడి వాలులో అదుపు తప్పుతారు: వెనక చక్రం లాక్ అయి పక్కకు జారుతుంది. ముందు బ్రేకు ప్రమాదమయ్యేది ముఖ్యంగా హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు గట్టిగా పట్టేస్తే. ఇదే కసరత్తు తర్వాత కంకర మీద, ఆ తర్వాత తక్కువ వాలున్న పొడి బండ మీద చేయండి.

మెట్టు దిగడం 10–15 సెం.మీ. ఎత్తున్న పేవ్‌మెంట్ అంచుతో మొదలుపెట్టి, 20, 30 దాకా పెంచండి. అంచు చేరకముందే బ్రేకు పని పూర్తవ్వాలి. సరిగ్గా అంచు మీద ముందు బ్రేకు పట్టేస్తే బరువంతా ముందుకు తూలి, హ్యాండిల్ మీదుగా పల్టీ కొడతారు. చూపు చక్రం మీద కాదు, దిగాక పోవాల్సిన చోట ఉండాలి.

ట్రైల్‌లో ఏ పెద్ద బండ అయినా ముందు నడిచి చూడండి. బూటు జారిన చోట టైరూ జారుతుంది. బండ ఎంత వాలుగా ఉందనే దానికన్నా, కింద నేలను ఎలా కలుస్తోందనేది ముఖ్యం. అక్కడ గుంట ఉంటే ముందు చక్రం దిగబడి ఆగిపోతుంది. ఆగడానికి చోటు లేని వాలు, అంటే కింద చెట్టో మలుపో ఉన్నది, తడిలో దిగకండి, నడిపించుకుని వెళ్ళండి. చెట్ల వేళ్ళను వీలైనంత అడ్డంగా, చక్రం నిటారుగా పెట్టి దాటాలి. వేరు మీద ఉన్నంతసేపు బ్రేకు పట్టొద్దు, పెడల్ తొక్కొద్దు.

వాన వెలిసిన వెంటనే వెళ్ళాలని మనసు లాగుతుంది. ఎర్రమట్టి టైరుకి అంటుకుని గుండ్రంగా పేరుకుంటుంటే, వెనక లోతైన చాలు పడుతుంటే, తిరిగి వచ్చేయండి. ఆ చాళ్ళలో నీరు పారి ట్రైల్ కోసుకుపోతుంది. ఒకటి రెండు రోజులు ఎండనివ్వండి.

తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్నం మబ్బులు కమ్మేలోగా ఇంటికి చేరొచ్చు. ఉరుము వినిపిస్తే బండ శిఖరం మీద ఉండొద్దు, ఒంటరి చెట్టు కిందికి పోవద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. చీలమండ దాటి పారుతున్న వాగులో సైకిల్ దింపకండి. చిక్కబళ్ళాపురం, కోలారు వైపు పల్లెల్లో తెలుగు బాగా మాట్లాడతారు, నిన్న రాత్రి వాగు పొంగిందా అని అడిగితే ఏ యాప్ కన్నా సరైన జవాబు దొరుకుతుంది. అటవీశాఖ భూమిలోకి అనుమతి ఉందో లేదో ఆ రోజు కనుక్కునే వెళ్ళండి. నగరం అంచుల్లో చిరుతలు తిరుగుతాయి, బన్నేరుఘట్ట వైపు ఏనుగులు కూడా. చీకటి పడకముందే బయటపడాలి.

పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు. కరిచిన అవయవం కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి చేర్చండి.

ఒంటరిగా వెళ్ళకండి. సంచిలో ట్యూబ్, రెండు టైర్ లివర్లు, పంపు, 4, 5, 6 మి.మీ. అలెన్ కీలు, టీ25 (నక్షత్రం ఆకారపు) కీ, తెగిన చైన్‌ని కలిపే క్విక్ లింక్, మీ మోడల్‌కి సరిపోయే డిరేలర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క), బ్యాండేజీ, ఈల ఉండాలి. హ్యాంగర్ ఒక్కో ఫ్రేముకి ఒక్కో రకం, అది విరిగాక షాపుల్లో వెతికితే వెంటనే దొరకదు. పూర్తి వేళ్ళ గ్లవుజులు, మోకాలి ప్యాడ్‌లు వానాకాలంలో తప్పనిసరి.

పడ్డాక తల తగిలి ఉంటే హెల్మెట్ మార్చాల్సిందే, పైకి పగులు కనిపించకపోయినా. తలనొప్పి, వాంతి, తికమక, అడిగిందే మళ్ళీ అడగడం వీటిలో ఏది కనిపించినా ఆ మనిషిని తిరిగి సైకిల్ ఎక్కించొద్దు, బాగానే ఉన్నానని అతను ఎంత పట్టుబట్టినా సరే, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.