ఎండలు ముదరకముందే: వజ్రపు బ్లేడుతో రాయి కోసేవారికి జాగ్రత్తలు

ఫాల్గుణం దాటిందంటే నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రాంతాల్లో రాతి పనులు ఒక్కసారిగా ఊపందుకుంటాయి. వానలు పడేలోగా ఇల్లు పూర్తి చేసుకోవాలని కొందరు బండలు పరిపిస్తుంటే, క్వారీల్లో గ్రానైట్ దిమ్మెలు తీసే పని ముమ్మరమవుతుంది. సరిగ్గా అదే సమయంలో బోర్లు అడుగంటి, నీటిని ట్యాంకర్ లెక్కన కొనవలసి వస్తుంది కాబట్టి, చాలా చోట్ల మొదట కోత పడేది బ్లేడుకు పోయవలసిన నీటికే. ఆ ఒక్క పొదుపు చేయవద్దని మేస్త్రీలను, యూనిట్ల యజమానులను, ఇల్లు కట్టించుకునేవారిని వేడుకుంటున్నాను.

బ్లేడు అంచున కనిపించే పళ్లలో సన్నని వజ్రపు రవ్వలు లోహపు పొడిలో కలిసి ఉంటాయి. ఇవి కృష్ణా తీరపు గనుల్లో దొరికిన వజ్రాల వంటివి కావు. 1954లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో విపరీతమైన ఒత్తిడి, వేడి కలిపి కృత్రిమ వజ్రాన్ని తయారు చేయగలిగిన తరువాత ఆ పద్ధతి పరిశ్రమగా ఎదిగింది. నేడు పరిశ్రమల్లో వాడే వజ్రం దాదాపు అంతా అలా తయారైనదే. ఎంత గట్టిదైనా వజ్రం కూడా బొగ్గు జాతి పదార్థమే. గాలి తగిలే చోట సుమారు 700 డిగ్రీల వేడికి చేరితే అది చెడిపోవడం మొదలవుతుంది, దాన్ని పట్టి ఉంచే లోహం కూడా మెత్తబడి పళ్లు ఊడే ప్రమాదం ఉంది. నీరు లేకుండా గ్రానైట్‌ను ఆపకుండా కోస్తే ఆ వేడి పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. బ్లేడు ఉక్కు భాగం నీలం రంగుకు తిరిగినా, నిప్పురవ్వలు ఎక్కువగా రాలినా, కోత మందగించినా మెషిన్‌ను మరింత బలంగా అదమకూడదు. వెంటనే ఆపి, పళ్లు నున్నబడి ఉంటే ఇసుకరాయి మీద రెండు మూడు సార్లు కోసి కొత్త రవ్వలు బయటపడేలా చేయాలి. ఇనుప పైపులు, యాంగిళ్లు కోయడానికి ఈ బ్లేడు వాడకూడదు, ఎందుకంటే వేడెక్కిన ఇనుము వజ్రంలోని కార్బన్‌ను తనలోకి లాగేసుకుంటుంది.

బ్లేడు పాడైతే కొత్తది కొనవచ్చు, ఊపిరితిత్తులకు ఆ అవకాశం లేదు. బూడిద, గులాబి రంగు గ్రానైట్లలో కనీసం ఐదో వంతు స్ఫటికం (క్వార్ట్జ్, అంటే ఒక రకం సిలికా) ఉంటుంది, వంటగది గట్లకు ఇప్పుడు వేయిస్తున్న కృత్రిమ క్వార్ట్జ్ స్లాబుల్లో అది సుమారు 90 శాతం దాకా చేరుతుంది. పొడిగా కోసినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనిపించేది త్వరగానే కింద పడుతుంది. కనిపించనంత సన్నని సిలికా మాత్రం గంటల తరబడి గాలిలో తేలుతూ ఊపిరితిత్తుల లోతుకు చేరి అక్కడే ఉండిపోతుంది. దానివల్ల వచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు, క్షయ సోకే ముప్పు కూడా పెరుగుతుంది. క్వార్ట్జ్ స్లాబుల వాడకాన్నే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి నిషేధించిందంటే ఈ దుమ్ము ఎంతటిదో గ్రహించవచ్చు. మూతికి చుట్టుకున్న తువ్వాలు ఈ దుమ్మును ఆపదు. ముక్కుకు, చెంపలకు అతుక్కుని ఉండే ఎన్-95 మాస్కు అయినా ఉండాలి, అది కూడా నీటికి తోడుగానే తప్ప నీటికి బదులు కాదు. నెలల తరబడి దగ్గు, ఆయాసం ఉంటే డాక్టరుకు జబ్బు లక్షణాలతో పాటు తాను రాయి కోసే పని చేస్తున్నానని తప్పక చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పకపోతే దాన్ని ఉత్త క్షయగా పొరబడే అవకాశం ఉంది. అధికారులకు తప్పక తెలియజేయవలసిన వృత్తి జబ్బుల జాబితాలో, అంటే 2025 నవంబరు దాకా 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడవ షెడ్యూలులోనూ, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ, సిలికోసిస్ ఉందన్న సంగతి యజమానులూ కార్మికులూ ఇద్దరూ గుర్తుంచుకోవాలి.

నీటి కొరతకు దారి ఉంది. పాలిష్ యూనిట్లలో వాడిన నీటిని ఒకదాని తరువాత ఒకటిగా రెండు మూడు తొట్లలో నిలబెట్టి, తేటపడిన పై నీటిని మళ్లీ మోటారుకు ఇవ్వవచ్చు. ఎండాకాలం మొదలవకముందే ఆ తొట్లలోని బురద తీయించడం మంచిది. తీసిన బురదను ఎండబెట్టి అక్కడే వదిలేస్తే వడగాడ్పుకు అది తిరిగి అదే దుమ్ముగా లేస్తుంది కాబట్టి, తడిగా ఉన్నప్పుడే తరలించాలి. నేలను పొడి చీపురుతో ఊడ్చకుండా కడగాలి.

ఇళ్ల దగ్గర చేతి మెషిన్‌తో కోసేటప్పుడు నీటి వెంట కరెంటు ప్రమాదం ఉంటుంది. తడిలో వాడటానికి తయారైన మెషిన్‌నే తీసుకుని, 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైతే చాలు లైను తెంచే ఆర్‌సీసీబీ (లీకేజీ బ్రేకర్) ఉన్న బోర్డు నుంచే కనెక్షన్ ఇవ్వాలి, అతుకుల వైరును తడి నేల మీద పరచకూడదు. 4 అంగుళాల మెషిన్‌కు గార్డు తీసేసి 5 అంగుళాల బ్లేడు బిగించడం చాలా చోట్ల కనిపిస్తుంది, ప్రాణం మీదికి తెచ్చే అలవాటు అది. బ్లేడు మీద రాసి ఉన్న గరిష్ఠ వేగం మెషిన్ వేగం కన్నా ఎక్కువగా ఉండాలి, బాణం గుర్తు తిరిగే దిశకు సరిపోవాలి, పళ్ల మధ్య సందుల్లో సన్నని చీలిక కనిపించినా ఆ బ్లేడును పక్కన పెట్టాలి.

క్వారీల్లో వజ్రపు పూసల తీగతో దిమ్మెలు కోసేచోట ఇంకా కఠినంగా ఉండక తప్పదు. సెకనుకు 20 మీటర్లకు పైగా పరుగెత్తే ఆ తీగ తెగితే పూసలు తూటాల్లా దూసుకుపోతాయి. అందుకే తీగ తిరిగే వరుసకు ఎదురుగా గాని, వెనుక గాని ఎవరూ నిలబడకూడదు, మందపాటి రబ్బరు బెల్టులతో అడ్డుతెర కట్టాలి, ఆపరేటర్ పక్కగా, దూరంగా ఉండి నడపాలి. అతుకు వేసేముందు తీగను మెలిపెట్టకపోతే పూసలు ఒకవైపే అరుగుతాయి. నీటి పైపు ఆగిన క్షణమే మోటారు ఆపాలి. ట్యాంకర్ వచ్చేదాకా ఒక పూట పని నిలిచినా సరే, పొడి తీగను నడపమని ఏ సూపర్‌వైజరూ చెప్పకూడదు, చెప్పినా ఆపరేటర్ నడపకూడదు.